కొత్త పాలిషర్ పెట్టినా ఉత్పత్తి పెరగలేదు, నూక తగ్గలేదు: మిర్యాలగూడ ఉప్పుడు బియ్యం మిల్లు

మిర్యాలగూడ మిల్లు
ఆదివారం, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఉప్పుడు బియ్యం మిల్లు, అంటే వడ్లు నానబెట్టి, ఆవిరి పట్టి, డ్రయ్యర్లో ఎండబెట్టి ఆ తర్వాత మర పడతాం. నాన్న పెట్టింది, మూడేళ్ల నుంచి నేను చూసుకుంటున్నాను. సాగర్ ఎడమ కాల్వ కింద వడ్లకు కొదవ లేదు. యాసంగి కోతలప్పుడు గేటు బయట ట్రాక్టర్లు, లారీలు వరస కట్టి ఉంటాయి. అయినా మిల్లు లోపల పని ముందుకు సాగడం లేదు.

పోయిన ఏడాది అప్పు చేసి తవుడు తీసే పెద్ద పాలిషర్, దాంతోపాటు రంగు తేడా గింజల్ని ఏరేసే కొత్త సార్టెక్స్ పెట్టాను. మిల్లింగ్ సెక్షన్ ఇప్పుడు గంటకు ఆరు టన్నుల వడ్లు లాగుతుంది. కానీ నెల తిరిగాక లెక్క చూస్తే మునుపటికన్నా ఒక్క బస్తా ఎక్కువ రాలేదు. పైగా పోయిన నెల ఒక లాట్ బియ్యం సర్కారు గోదాము నుంచి వెనక్కి వచ్చింది. ఉప్పుడు బియ్యంలో నూక 16 శాతం దాటకూడదు కదా, మాది 19 తేలింది. ఆ లారీ మళ్ళీ మా గేట్లోకి వచ్చిన రోజు నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, కానీ రాత్రి అన్నం ముట్టలేదు.

మా దగ్గర 24 టన్నుల డ్రయ్యర్లు రెండున్నాయి. మూడోదానికి కొటేషన్ తెప్పించాను. పెట్టమంటారా? లేక తప్పు పాలిషర్ సెట్టింగులో ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

కొత్తూరు ప్లానింగ్
ఆదివారం, రాత్రి 10:05

తమ్ముడూ, నేను కొత్తూరులో ప్రెస్ షాపులో ప్లానింగ్ చూస్తాను. రేకు వంచే పని, బియ్యం గురించి పెద్దగా తెలియదు. కానీ నువ్వు చెప్పిన కథ మా షాపులో కూడా జరిగింది కాబట్టి రాస్తున్నా.

ముందు ఒక్క ప్రశ్న. ఆ కొత్త పాలిషర్ రోజుకు ఎన్ని గంటలు తిరుగుతోంది? మిగతా గంటలు అక్కడి మనుషులు దేనికోసం చూస్తూ కూర్చుంటున్నారు?

మిర్యాలగూడ మిల్లు
ఆదివారం, రాత్రి 10:30

పన్నెండు గంటలకు మించి తిరగడం లేదన్నా. డ్రయ్యర్ నుంచి వడ్లు దిగాలని చూస్తుంటారు.

కొత్తూరు ప్లానింగ్
ఆదివారం, రాత్రి 11:10

అయితే నీ మిల్లు ఎంత ఆడుతుందో తేల్చేది పాలిషర్ కాదు, డ్రయ్యర్. పని ఇరుక్కుని ఆగేది అక్కడే. రోజుకు డ్రయ్యర్లు ఎంత దించితే మిల్లు అంతే, సార్టెక్స్ ఎంత ఖరీదైనదైనా సరే. గోల్డ్‌రాట్ అని ఇజ్రాయెల్ భౌతికశాస్త్రవేత్త ఒకాయన 1980లలో ఈ విషయాన్ని గట్టిగా చెప్పారు. ఇరుకు ఉన్నచోట ఒక గంట పోతే ఆ గంట మొత్తం ఫ్యాక్టరీకి పోయినట్టే, ఇరుకు లేనిచోట గంట మిగిల్చినా చేతికి వచ్చేది ఏమీ లేదు. నీ అప్పు రెండో రకం గంటలు కొనిపెట్టింది. బాధపడకు, మేమూ మొదట మంచి మెషీన్ పక్కన ఇంకో మంచి మెషీన్ కొన్నవాళ్ళమే.

మూడో డ్రయ్యర్ కొటేషన్ వారం రోజులు పక్కన పెట్టు. ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు డ్రయ్యర్లకూ గడియారం రాయి. నింపడం మొదలైన టైమ్, నిండిన టైమ్, వేడిగాలి మొదలు, గాలి ఆపింది, దించడం మొదలు, ఖాళీ అయింది. రాత్రి షిఫ్టు కూడా రాయించు. ముఖ్యంగా రాత్రి షిఫ్టు.

ముప్పై ఏళ్ల మిల్లు
సోమవారం, ఉదయం 6:15

బాబూ, నేను నల్లగొండ, సూర్యాపేట వైపు మిల్లుల్లో బాయిలర్ దగ్గర నుంచి సార్టెక్స్ దాకా అన్నీ చేసి మానేసినవాణ్ణి. ప్లానింగ్ సార్ చెప్పింది సరైనదే, కానీ ఒక భయం ఉంది, చెప్పేస్తా. డ్రయ్యరే ఇరుకు అని తెలియగానే ప్రతి యజమానీ చేసే పని వేడి పెంచడం. ఆ పని చెయ్యకు.

ఆవిరి పట్టిన వడ్లలో తేమ దాదాపు 35 శాతం ఉంటుంది, దాన్ని 14కి తేవాలి. 35 నుంచి 18 దాకా ఎంత వేడిగాలి కొట్టినా గింజ పెద్దగా నొచ్చుకోదు. అసలు గండం 16 దగ్గర మొదలవుతుంది. పైపొర ఎండి బిగుసుకుంటుంది, లోపల ఇంకా తడి ఉంటుంది, ఆ లాగుడికి గింజ నడిమిలో చీలుతుంది. అదీ డ్రయ్యర్లో ఉన్నప్పుడు కనిపించదు, దించి చల్లారిన రెండు మూడు గంటలకు బయటపడుతుంది. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు 1960లలోనే ఇది తేల్చారు. దించేటప్పుడు గింజ బాగుందని మనం అనుకుంటాం, మర్నాడు పొట్టు తీసే షెల్లర్ మీద పడగానే రెండు ముక్కలు. తిట్లు మాత్రం పాలిషర్ ఆపరేటర్‌కు.

ఒక పని చెయ్యి. దించి నాలుగు గంటలైన వడ్లలోంచి వంద గింజలు తీసుకో. చేత్తో పొట్టు ఒలువు. గోరుతో గట్టిగా నొక్కకు, మెల్లగా ఒలిస్తే వస్తుంది. ఒక అద్దం ముక్క మీద పరిచి కింద నుంచి సెల్‌ఫోన్ లైటు వెయ్యి. మంచి గింజ తేనె రంగులో ఏకంగా వెలుగుతుంది. చీలిన గింజలో అడ్డంగా వెంట్రుకంత గీత కనిపిస్తుంది. ఎన్నింట్లో కనిపిస్తే అన్ని నూకలు నువ్వు డ్రయ్యర్లోనే తయారు చేశావన్నమాట.

చౌటుప్పల్ క్వాలిటీ
సోమవారం, మధ్యాహ్నం 1:40

పెద్దాయన చెప్పిన వంద గింజల పరీక్ష చాలా విలువైనది. నేను చౌటుప్పల్ వైపు మాత్రల ప్యాకింగ్‌లో క్వాలిటీ చూస్తాను. మా దగ్గర మొదటి పాఠమే ఇది: లోపం కనబడినచోటా, పుట్టినచోటా ఒకటి కాదు.

దానికి ఇంకొంచెం కలపండి. ఒకే బ్యాచ్ నుంచి మూడుచోట్ల నమూనా తీయండి. డ్రయ్యర్ తర్వాత చేత్తో ఒలిచినవి, షెల్లర్ తర్వాత, పాలిషర్ తర్వాత. ఒక్కో మెట్టు దగ్గర నూక ఎంత పెరిగిందో చూస్తే ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది. ఒక్క రోజు చూసి వదలకండి. రోజూ ఒక చుక్క పెట్టి గీత గీయండి. షూహార్ట్ అనే అమెరికా ఇంజనీర్ 1924లో ఫోన్లు తయారు చేసే కంపెనీలో ఈ పద్ధతి మొదలుపెట్టారు. రోజూ ఉండే చిన్న ఊగిసలాటకు మెషీన్ కదిలిస్తే ఊగిసలాట పెరుగుతుంది. నూక 17 వచ్చిందని ఒకరు పాలిషర్ ప్రెషర్ తగ్గిస్తారు, రంగు చాల్లేదని ఇంకొకరు పెంచుతారు. మీ దగ్గర షిఫ్టుకోసారి అలా జరుగుతోందేమో కనుక్కోండి.

మీ మాయిశ్చర్ మీటర్ ఎక్కడ ఉంటుంది? వేడి గింజతో చూస్తున్నారా, చల్లార్చి చూస్తున్నారా?

దేవరకొండ వడ్లు
సోమవారం, రాత్రి 8:00

నాది వేరే అభిప్రాయం. సీజన్ ఉండేదే కొన్ని వారాలు. నోట్‌బుక్కులు రాసుకుంటూ కూర్చుంటే వడ్లు పక్క మిల్లుకు పోతాయి. ఇరుకు డ్రయ్యర్ అని తేలిపోయింది కదా, ఇంకో డ్రయ్యర్ పెట్టెయ్యి. ఇరుకు సందును వెడల్పు చెయ్యడానికి లెక్కలెందుకు?

ముప్పై ఏళ్ల మిల్లు
సోమవారం, రాత్రి 8:45

డ్రయ్యర్‌కు వేడి ఎక్కడిది? బాయిలర్‌ది. నానబెట్టే నీళ్ళు కాగడానికీ అదే బాయిలర్, వడ్లకు ఆవిరి పట్టడానికీ అదే. మూడో డ్రయ్యర్ పెడితే ఆ ఆవిరినే ముగ్గురు పంచుకోవాలి. బాబూ, ఆవిరి పట్టే టైములో బాయిలర్ ప్రెషర్ ముల్లు చూడు. డ్రయ్యర్ గాలి చల్లబడుతుందేమో చూడు. చూశాక మాట్లాడదాం.

మిర్యాలగూడ మిల్లు
తర్వాతి ఆదివారం, రాత్రి 9:50

వారం రోజులు రాశాను. రెండు రాత్రులు నేనే డ్రయ్యర్ కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మీ అందరికీ చెప్పుకోవాల్సింది చాలా ఉంది.

బ్యాచ్‌కు సగటున పదిహేను గంటల నలభై నిమిషాలు పడుతోంది. అందులో వేడిగాలి ఆడేది పది గంటలు. నింపడానికి గంటా నలభై ఐదు, దించడానికి గంటంబావు. మిగిలిన రెండు గంటల నలభై నిమిషాలు డ్రయ్యర్ ఊరకే నిలబడి ఉంది. వారానికి 21 బ్యాచ్‌లు దిగుతున్నాయి.

బుధవారం రాత్రి నేను కళ్ళారా చూసింది రాస్తాను. పదకొండు గంటలకు గింజ ఎండింది. ఆపరేటర్‌కు చేతి అలవాటు ఉంది, పంటి కింద కొరికి చూసి ఎండిందన్నాడు. కానీ మీటర్ ఆఫీసు బీరువాలో ఉంది, తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర, ఆయన ఇంటికి వెళ్ళాడు. మీటర్ చూడకుండా దించొద్దని రెండేళ్ల కింద నేనే ఆర్డర్ వేశాను. అందుకని అతను గాలి ఆపకుండా వేడి కాస్త తగ్గించి తెల్లారి నాలుగు దాకా అలాగే ఉంచాడు. భయంతో చేశాడు, తప్పు అతనిది కాదు. నాలుగింటికి తేమ 11.8 ఉంది. 14 చాలు కదా! ఇరుకులో అయిదు గంటలు పోయాయి, బరువు పోయింది, గింజ చీలింది. మూడు నష్టాలూ ఒకే తాళం వల్ల.

ఆ బ్యాచ్‌లో వంద గింజలు ఒలిచి లైటు వేస్తే 31 గింజల్లో గీత ఉంది. టైముకు దించిన బ్యాచ్‌లో 14. పాలిషర్ దగ్గర పెరిగే నూక రెండు బ్యాచ్‌లకూ ఇంచుమించు ఒకటే. ఇన్నాళ్ళూ పాలిషర్ ఆపరేటర్‌ను ఎన్ని మాటలు అన్నానో. శనివారం పొద్దున అతని దగ్గరకు వెళ్ళి చెప్పాను, తప్పు నీది కాదని.

పెద్దాయన చెప్పిన బాయిలర్ సంగతి కూడా నిజమే. ఆవిరి పట్టడం మొదలవగానే ముల్లు పడిపోతోంది, డ్రయ్యర్ గాలి వేడి తగ్గుతోంది. మూడో డ్రయ్యర్ వాళ్ళకు ఫోన్ చేసి ఇప్పుడు వద్దన్నాను.

కొత్తూరు ప్లానింగ్
ఆదివారం, రాత్రి 10:40

శభాష్ తమ్ముడూ. రెండు రాత్రులు కూర్చున్నావు చూడు, అది పెద్ద పని.

ఇప్పుడు డ్రయ్యర్‌ను ఎదురు చూడనివ్వకూడదు. మా ప్రెస్ షాపులో డై, అంటే రేకును వంచే అచ్చు, మార్చడానికి మూడు గంటలు పట్టేది. మెషీన్ ఆపాక బోల్టులు వెతికేవాళ్ళం, ఆపాక క్రేన్ కోసం చూసేవాళ్ళం. జపాన్‌లో షింగో అనే ఇంజనీర్ చూపిన దారి ఏమిటంటే, మెషీన్ తిరుగుతుండగానే చేయగలిగినవన్నీ ముందే చేసి పెట్టుకోవాలి, ఆపాక చెయ్యక తప్పనివే ఆపాక చెయ్యాలి. అలా చేస్తే ఇప్పుడు ముప్పై అయిదు నిమిషాల్లో అయిపోతోంది. నువ్వూ డ్రయ్యర్ ఖాళీ అయ్యేసరికి ఆవిరి పట్టిన వడ్లు పక్కన కుప్ప సిద్ధంగా పెట్టుకో. ఇరుకు ముందు ఎప్పుడూ కొంత సరుకు ఉండాలి.

ముప్పై ఏళ్ల మిల్లు
సోమవారం, ఉదయం 5:50

సార్, మీ రేకు పదిరోజులు నేల మీద ఉన్నా రేకే. ఆవిరి పట్టిన వడ్లు అలా ఉండవు. వేడిగా, తడిగా కుప్పలో ఉంటే రంగు తిరుగుతాయి, వాసన వస్తాయి. ఆ బియ్యం సార్టెక్స్‌కు పోతే సగం పక్కకు ఊదేస్తుంది. డ్రయ్యర్‌ను ఖాళీగా ఉంచకూడదని చేసిన పని క్వాలిటీని తినేస్తుంది.

కొత్తూరు ప్లానింగ్
సోమవారం, ఉదయం 7:30

ఇది నాకు తెలియదు, మంచి మాట చెప్పారు. అయితే నిల్వను ఒక మెట్టు వెనక్కి జరపాలి. నానిన వడ్లు ట్యాంకులో కాసేపు ఆగగలవా?

ముప్పై ఏళ్ల మిల్లు
సోమవారం, ఉదయం 7:55

నీళ్ళు వంపేశాక గంటా రెండు గంటలు ఆగుతాయి. అంతకన్నా మించితే పులుపు వాసన.

కొత్తూరు ప్లానింగ్
సోమవారం, ఉదయం 8:20

అయితే దారి దొరికింది. ఆవిరి ఎప్పుడు పట్టాలో ఆవిరి ఆపరేటర్ నిర్ణయించకూడదు, డ్రయ్యర్ నిర్ణయించాలి. డ్రయ్యర్లో తేమ ఫలానా దగ్గరకు రాగానే గంట కొట్టు, అప్పుడే నీళ్ళు వంపాలి. దించడం మొదలవగానే ఆవిరి మొదలు. రెండు డ్రయ్యర్లూ ఒకేసారి ఖాళీ కాకుండా సగం బ్యాచ్ తేడాతో నడుపు, బాయిలర్ మీద బరువు కూడా పంచుకుంటుంది.

పోచంపల్లి మగ్గం
సోమవారం, రాత్రి 9:15

వడ్ల మాటల్లో నేను రావచ్చో లేదో. మాది చేనేత కుటుంబం. ఇరుకు అనగానే నాకు మా అమ్మ గుర్తొచ్చింది.

ఇక్కత్ చీరకు నేత కన్నా ముందు చిటికి కట్టడం, అంటే రంగు అంటకూడని చోట దారాలను బిగించి కట్టడం, అంతకన్నా ముందు ఆసు పోయడం ఉంటుంది. అర్ధచంద్రాకారంగా ఉన్న మేకుల చుట్టూ దారం చేత్తో ముందుకూ వెనక్కూ తిప్పుతూనే ఉండాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు చెయ్యి ఆడాలి, అయిదారు గంటలు. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే అమ్మకు భుజం లేచేది కాదు. ఇంట్లో మగ్గాలు ఎన్ని ఉన్నా అమ్మ భుజం ఎంత ఆడితే అంతే చీరలు. అందరూ మగ్గం మంచిది చెయ్యాలని చూశారు. ఆలేరు చింతకింది మల్లేశం గారు మాత్రం తల్లి లక్ష్మి పడే నొప్పి చూసి ఆసు దగ్గరే ఆగిపోయారు. ఏళ్ల తరబడి కష్టపడి లక్ష్మి ఆసు యంత్రం తెచ్చారు. చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆసు దగ్గర దారం తెగితే ఆ క్షణమే ఆపి ముడి వెయ్యాలి. వదిలేస్తే చిటికి తప్పుతుంది, రంగు తప్పుతుంది, మగ్గం మీద నేసేటప్పుడు పువ్వు పక్కకు జరుగుతుంది. అప్పుడు ఎవరూ ఏమీ చేయలేరు.

చౌటుప్పల్ క్వాలిటీ
సోమవారం, రాత్రి 10:00

అక్కా, మీరు తప్పకుండా రావాలి. జపాన్‌లో టొయోడా సకిచి 1924లో పూర్తి చేసిన మగ్గం కూడా దారం తెగగానే దానంతట అదే ఆగేది. కార్ల ఫ్యాక్టరీలో ఎవరైనా తాడు లాగి లైను ఆపే పద్ధతికి మూలం ఆ మగ్గమే.

మిల్లు తమ్ముడికి దీన్నిబట్టి ఒక మాట. ఇరుకులోకి చెడ్డ సరుకు పంపొద్దు. తేమ 17 ఉన్న వడ్లూ 21 ఉన్న వడ్లూ, సన్నాలూ 1010 దొడ్డు రకమూ ఒకే బ్యాచ్‌లో కలిస్తే కొన్ని ఎండిపోతాయి, కొన్ని పచ్చిగా ఉంటాయి. పది గంటలు ఆడించి చెడగొట్టినట్టే. కల్లం దుమ్ము, తాలు కూడా డ్రయ్యర్ ముందే పోవాలి. తాలుకు వేడిగాలి కొట్టడం అంటే మీ అతి విలువైన గంటల్ని చెత్తకు పెట్టడం.

ముప్పై ఏళ్ల మిల్లు
మంగళవారం, ఉదయం 6:00

ఇక అసలు మందు. రెండు దఫాలుగా ఎండబెట్టు. 17 దగ్గర ఆపి దించెయ్యి. ఖాళీ బిన్నులో, అంటే వడ్లు నిల్వ పోసే తొట్టిలో, నాలుగైదు గంటలు ఊరకే ఉంచు. లోపలి తడి మెల్లగా పైకి వస్తుంది. అప్పుడు రెండోసారి ఎక్కించి తక్కువ వేడితో 14కి తే. రెండో దఫా రెండున్నర గంటల్లో అయిపోతుంది. డ్రయ్యర్లోనే ఆపి ఉంచితే టైము పోతుంది, అందుకే బయట బిన్ను కావాలి. మీ నాన్న కట్టించిన పాత సిమెంటు బిన్ను ఏదైనా ఉందా? ఆ రోజుల్లో మిల్లు కట్టినవాళ్ళు దాదాపు అందరూ కట్టించేవాళ్ళు.

ఇంకో మాట, మీటర్‌లో వేడి గింజ పొయ్యొద్దు. మూత ఉన్న డబ్బాలో పోసి చల్లారాక చూడు. దించగానే పైపొర ఎండి ఉంటుంది కాబట్టి మీటర్ తక్కువ చూపుతుంది, కాసేపటికి అదే గింజ ఎక్కువ చూపుతుంది.

మిర్యాలగూడ మిల్లు
మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 9:05

ఇన్నాళ్ళు రాయనందుకు క్షమించండి, యాసంగి వడ్లు మొదలయ్యాయి.

మొదటి వారం రెండే పనులు చేశాం. మీటర్ డ్రయ్యర్ పక్కకే వచ్చింది, ప్రతి షిఫ్టులో ఇద్దరికి చూడడం నేర్పించాం, దించే నిర్ణయం వాళ్ళదే. రెండోది, వడ్లను పైకి మోసి డ్రయ్యర్ నింపే ఎలివేటర్ విప్పి చూస్తే బెల్టు వదులైంది, పదిహేను బకెట్లు అంచు విరిగి సగం సగం మోస్తున్నాయి. మార్చాం. నింపడం గంటంబావుకు వచ్చింది, ఎదురుచూపు నలభై నిమిషాలకు తగ్గింది. ఆ వారం 25 బ్యాచ్‌లు దించాం. కొత్త మెషీన్ ఏదీ కొనలేదు.

తర్వాత బిన్ను. నాన్నను అడిగితే నవ్వి వెనక షెడ్డు తాళం తీశారు. ఉంది పెద్దాయనా, లోపల పాత గోనెసంచులు నింపాం! రెండు రోజులు కడిగి ఆరబెట్టి వాడుకలోకి తెచ్చాం. రెండు దఫాల పద్ధతికి వచ్చాక బ్యాచ్‌లు 25 నుంచి 24కి తగ్గాయి, రెండుసార్లు ఎక్కించి దించాలి కాబట్టి. దేవరకొండ అన్న దీన్ని నష్టం అంటారేమో. కానీ వంద గింజల్లో గీతలు అయిదారుకు వచ్చాయి, నూక 13 దగ్గర నిలబడింది. చుక్కలు గీసిన కాగితం సార్టెక్స్ పక్కన గోడకు అంటించాం, వరుసగా పదకొండు రోజులు ఒక్క చుక్క కూడా 15 దాటలేదు. సర్కారుకు క్వింటా వడ్లకు 68 కిలోల బియ్యం అప్పజెప్పాల్సినచోట, వెనక్కి వచ్చే లారీ లేని 24 బ్యాచ్‌లే నాకు ముద్దు.

దేవరకొండ వడ్లు
ఆదివారం, రాత్రి 9:40

నష్టం అనను తమ్ముడూ. ఆ బిన్ను సైజు ఎంత? ఎన్ని టన్నులు పడతాయి? మా బావమరిది మిల్లులో కూడా అలాంటిది ఉంది, కొత్త డ్రయ్యర్‌కు అడ్వాన్స్ ఇవ్వబోతున్నాడు. రేపు పొద్దునే ఆపిస్తాను.

మిర్యాలగూడ మిల్లు
ఆదివారం, రాత్రి 10:10

ముప్పై టన్నులు పడతాయన్నా. కింద గేటు వెడల్పుగా ఉందో లేదో చూడమనండి, మాది సన్నగా ఉండి వడ్లు జారడానికి టైము తీసుకుంటోంది, వెల్డర్‌ను పిలిపించాను.

కొత్తూరు అన్నా, ఇంకొక్కటి. ఇప్పటికీ పాలిషర్ రోజుకు తొమ్మిది పది గంటలు ఆగే ఉంటోంది. అక్కడి కుర్రాళ్ళు ఖాళీగా కూర్చుంటే ఎవరైనా ఏమంటారోనని ఊరికే మెషీన్ ఆన్ చేసి పెడుతున్నారు. ఆపెయ్యమన్నాను, ఆ టైములో షెల్లర్ రబ్బర్ రోల్స్ మార్చడం, జల్లెడలు కడగడం పెట్టాను. నిన్న అందులో ఒకడు తనంతట తానే వెళ్ళి డ్రయ్యర్ ఎలివేటర్ బకెట్లు లెక్కపెట్టి వచ్చాడు, ఒకటి మళ్ళీ విరిగిందట. రేపు ఉదయం దించడం అయ్యాక మారుస్తున్నాం, ఇరవై నిమిషాలకు మించి పట్టకుండా బోల్టులు, స్పానర్లు ఇప్పుడే తీసి పెట్టాను.